పౌర గ్రంథాలయాల్లో అన్ని వయసుల వారికి ఉచిత కార్యక్రమాలు

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు పౌర గ్రంథాలయం పుస్తకాలు ఇవ్వడంతో పాటు కార్యక్రమాలు కూడా ఎందుకు నిర్వహించాలో వివరించగలుగుతారు. 'ఉచితం' అన్న మాట వెనుక ఉన్న ఆర్థిక ఏర్పాటును చెప్పగలుగుతారు. పిల్లలు, యువకులు, ఇంటిపనుల్లో ఉండే స్త్రీలు, వృద్ధులు, చదువు రానివారు - వీరిలో ఎవరికి ఎటువంటి కార్యక్రమం తగునో ఆలోచించగలుగుతారు. జరిగిన కార్యక్రమం ఫలించిందో లేదో పరిశీలించే పద్ధతులను తెలుసుకుంటారు.

6.1 పరిచయం

కిందటి భాగంలో పౌర గ్రంథాలయానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, జిల్లా గ్రంథాలయ సంస్థ దాన్ని ఎలా ఖర్చు చేస్తుందో చదివారు. ఆ ఖర్చులో భవనం, సిబ్బంది, పుస్తకాలు, పత్రికలు ప్రధానమైన పద్దులు. 'కార్యక్రమాలు' అన్న పద్దు ఉంటే చివర ఎక్కడో, చిన్న మొత్తంతో ఉంటుంది. అందువల్ల విద్యార్థులు దీన్ని గ్రంథాలయానికి ఒక అలంకారంగా భావించడం సహజం. గ్రంథాలయ శాస్త్ర పాఠ్యగ్రంథాల్లో కూడా 'విస్తరణ సేవలు' అన్న అధ్యాయం చాలావరకు చివరనే వస్తుంది.

ఈ పాఠం మాత్రం ఆ వరుసను కొంచెం మార్చి చూపిస్తుంది. గ్రంథాలయం కోసం డబ్బు చెల్లించి కూడా దాన్ని వాడుకోలేనివారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారి వాటా వారికి చేరే మార్గాల్లో ముఖ్యమైనది కార్యక్రమం. కథ చెప్పే గంట, పత్రిక చదివి వినిపించడం, దరఖాస్తు నింపడంలో సాయం, ఆరోగ్యం మీద ప్రసంగం, పాత పాటల సాయంత్రం - ఇవన్నీ ఈ కోవలోకి వస్తాయి. ముందుగా ఆ చెల్లింపు సంగతి చూద్దాం.

6.2 'ఉచితం' అంటే ఎవరు చెల్లించినట్లు?

మీ ఇంటి పన్ను రసీదు ఒకటి తీసి చూడండి. ఇంటి పన్నుతో పాటు 'గ్రంథాలయ పన్ను' లేదా 'గ్రంథాలయ సెస్సు' అని ఒక చిన్న వరుస కనిపిస్తుంది. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున దీన్ని పంచాయతీ, పురపాలక సంఘం లేదా నగరపాలక సంస్థ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఒక ఇంటికి పన్ను 1,000 రూపాయలు అనుకుందాం. అందులో గ్రంథాలయానికి 80 రూపాయలు చేరతాయి. 300 రూపాయల పన్ను కట్టే చిన్న ఇల్లయితే 24 రూపాయలు. అద్దెకు ఉన్నవారు ఆ రసీదు చూసి ఉండరు. అయినా ఇంటి యజమాని పన్నును కూడా లెక్కలో వేసుకునే అద్దె నిర్ణయిస్తాడు కాబట్టి ఆ భారంలో వారికీ భాగం ఉంది.

ఈ ఏర్పాటు ఒక్కరోజులో వచ్చింది కాదు. స్వతంత్ర భారతదేశంలో మొదటి పౌర గ్రంథాలయ చట్టం 1948లో మద్రాసు రాష్ట్రంలో వచ్చింది. ఎస్.ఆర్. రంగనాథన్ ఏళ్ల తరబడి చేసిన కృషి దాని వెనుక ఉంది. అప్పటికి ఆంధ్ర జిల్లాలు ఆ రాష్ట్రంలోనే ఉండటం వల్ల ఆ చట్టం వాటికీ వర్తించింది. హైదరాబాదు రాష్ట్రం 1955లో తన చట్టం చేసుకుంది. రెండు ప్రాంతాలు కలిసిన తరవాత ఒకే విధానం అవసరమై 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం రూపొందింది. పన్ను రూపంలో గ్రంథాలయానికి స్థిరమైన ఆదాయం ఉండాలన్నది ఈ చట్టాలన్నిటిలోనూ కనిపించే సూత్రం. వసూలు చేసిన సొమ్మును స్థానిక సంస్థలు సకాలంలో జమ చేయకపోవడం, బకాయిలు పేరుకుపోవడం వేరే కథ. దాన్ని కిందటి భాగంలో చూశారు.

ఇప్పుడు ఈ లెక్కను మరో వైపు నుంచి చూడండి. పన్ను కట్టేటప్పుడు 'మీకు చదువు వచ్చా?' అని ఎవరూ అడగరు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్లు పైబడిన వారిలో అక్షరాస్యులు సుమారు 67 శాతం. స్త్రీలలో సుమారు 59 శాతం. అంటే ఏడేళ్లు దాటిన ప్రతి అయిదుగురు స్త్రీలలో ఇద్దరికి శాఖా గ్రంథాలయంలోని బీరువాలన్నీ తాళం వేసి ఉన్నట్లే. అక్షరాస్యులుగా లెక్కలోకి వచ్చినవారిలో కూడా సంతకం, బస్సు బోర్డు దాటి చదవలేనివారు ఉన్నారు. వీరి ఇళ్ల నుంచి కూడా రూపాయికి 8 పైసలు వెళుతూనే ఉన్నాయి.

కాబట్టి గ్రంథాలయ కార్యక్రమాన్ని 'ఉచితం' అని ప్రకటించేటప్పుడు అది దయతో ఇచ్చేది అన్న ధోరణి రాకూడదు. రుసుము ముందే చెల్లించేశారు. యునెస్కో 1949లో వెలువరించి, 1972, 1994, 2022 సంవత్సరాల్లో సవరించిన పౌర గ్రంథాలయ ప్రకటన కూడా ఈ మాటే చెబుతుంది. వయసు, జాతి, లింగం, మతం, భాష, సామాజిక స్థాయి భేదం లేకుండా సేవలు అందరికీ సమానంగా అందాలని, సూత్రప్రాయంగా పౌర గ్రంథాలయం రుసుము లేనిదిగా ఉండాలని 1994 నాటి పాఠంలో ఉంది.

రుసుము లేనంత మాత్రాన ఖర్చు లేదని కాదు. ఈ విషయం చాలా ప్రకటనల్లో మరుగున పడుతుంది. చిత్రలేఖనం పోటీకి ప్రవేశ రుసుము లేదు. కాని రంగుల పెట్టె ఎవరిది వారే తెచ్చుకోవాలి అంటే కొందరు పిల్లలు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. మండల కేంద్రంలో సాయంత్రం 6 గంటలకు సభ అంటే తిరుగు బస్సు లేని ఊరివారు రారు. నాట్ల రోజుల్లో పగటిపూట పెట్టిన మహిళా సదస్సుకు రావాలంటే ఒక పూట కూలి పోతుంది. రుసుము, వస్తువులు, ప్రయాణం, పోయే కూలి - ఈ నాలుగూ చూసి, వాటిలో గ్రంథాలయం ఎన్నిటిని తగ్గించగలదో ఆలోచించిన తరవాతే 'ఉచితం' అన్న మాట రాయడం న్యాయం.

6.3 గ్రంథాలయోద్యమం నేర్పిన పద్ధతి

తెలుగు నేల మీద పౌర గ్రంథాలయం పుట్టిన తీరు చూస్తే కార్యక్రమాలు తరవాత చేర్చిన అలంకారం కాదని అర్థమవుతుంది. నూటికి పదిమందికి కూడా అక్షరాలు రాని రోజుల్లో ఇక్కడ గ్రంథాలయోద్యమం మొదలైంది. పుస్తకాలు మాత్రమే పెట్టి కూర్చుంటే వచ్చేవారు ఊరికి నలుగురో అయిదుగురో.

విజయవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం ఏర్పడింది. 1914 ఏప్రిల్‌లో అదే పట్టణంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగింది. దీనికి ప్రధాన సూత్రధారి అయ్యంకి వెంకటరమణయ్య. ఆయన, ఆయన సహచరులు ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించారు. అలా వెలసిన గ్రంథాలయాల్లో రాత్రి బడులు నడిచాయి, ఉపన్యాసాలు, భజనలు, హరికథలు జరిగాయి, చదవలేనివారికి పత్రికలు చదివి వినిపించారు. గ్రంథాలయ యాత్రల పేరుతో కార్యకర్తలు జట్లుగా పల్లెలకు వెళ్లారు. వయోజన విద్యకు, గ్రంథాలయానికి విడదీయరాని సంబంధం ఉందని గాడిచర్ల హరిసర్వోత్తమరావు గట్టిగా వాదించి, రెండు రంగాల్లోనూ పని చేశారు.

ఈ పద్ధతి ఎక్కడి నుంచో తెచ్చుకున్నది కాదని గమనించండి. పురాణ కాలక్షేపం మన ఊళ్లకు కొత్త కాదు. ఒకరు పద్యం చదువుతారు, మరొకరో వారే అర్థం చెబుతారు, అరుగుల మీద, చావడిలో కూర్చున్నవారంతా వింటారు, మధ్యలో ప్రశ్నలు వేస్తారు. చదవడం ఒకరి పని, వినడం ఊరందరి పని. ఉద్యమం ఈ అలవాటులోకి వార్తాపత్రికను, ఆరోగ్య విషయాలను, సహకార సంఘాల సంగతులను తీసుకువచ్చింది. చదువు లేకపోవడానికి, విషయం తెలియకపోవడానికి మధ్య ఉన్న తేడాను ఆనాటి కార్యకర్తలు బాగా గ్రహించారు. భారతంలో ఏ ఘట్టం తరవాత ఏ ఘట్టం వస్తుందో చెప్పగల రైతుకు సంతకం పెట్టడం రాకపోవచ్చు.

పాఠకుడు రాకపోతే పుస్తకమే వెళ్లాలన్న ఆలోచన కూడా ఆనాటిదే. పాతూరి నాగభూషణం 1935లో కృష్ణా పశ్చిమ డెల్టాలో పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. కాలువ వెంట ఊళ్లకు పుస్తకాలు పడవలో చేరేవి. దీనికి కొద్ది ఏళ్ల ముందు, 1931లో, తంజావూరు జిల్లా మన్నారుగుడి దగ్గర ఎడ్లబండి మీద సంచార గ్రంథాలయం మొదలైంది. అదే ఏడాది రంగనాథన్ పంచ సూత్రాల గ్రంథం వెలువడింది. 'ప్రతి పుస్తకానికి దాని పాఠకుడు' అన్న మూడవ సూత్రం మీకు గుర్తుండే ఉంటుంది. బీరువాలో ఉన్న పుస్తకం తన పాఠకుణ్ణి తానే వెతుక్కోలేదు. ఆ పని గ్రంథాలయం చేయాలి. విస్తరణ సేవలకు సిద్ధాంతపరమైన ఆధారం ఈ సూత్రంలో దొరుకుతుంది.

నిజాం రాష్ట్రంలో పరిస్థితి వేరు. హైదరాబాదులో 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఏర్పడ్డాయి. తెలుగు చదువుకు పాఠశాలల్లో చోటు తక్కువగా ఉన్న రోజులవి. 53వ నంబరు గస్తీ వల్ల బహిరంగ సభలకు ముందుగా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది. అటువంటి వాతావరణంలో గ్రంథాలయ వార్షికోత్సవం, గ్రంథాలయ సభ అన్నవి తెలుగువారు ఒకచోట కూర్చుని తమ భాషలో మాట్లాడుకోవడానికి దొరికిన అరుదైన సందర్భాలు. ఈ రోజు మనం 'సాహిత్య కార్యక్రమం' అని తేలికగా అనే పనికి అప్పుడు ధైర్యం కావలసి వచ్చింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: గ్రంథాలయ పన్ను విధానానికి, కార్యక్రమాలు ఉచితంగా ఉండవలసిన అవసరానికి ఉన్న సంబంధాన్ని ఉదాహరణతో ఏడెనిమిది వాక్యాల్లో రాయండి. మీ ఉదాహరణలో మీ ఇంటి రసీదులోని అంకెలు వాడండి.

6.4 పిల్లల కార్యక్రమాలు

పిల్లలకు అన్నిటికంటే సులువైనది, తక్కువ ఖర్చుతో అయ్యేది కథ చెప్పే గంట. గంట అంటున్నాం గాని నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకు అరగంట చాలు. చాప పరిచి, పిల్లలను అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టి, బొమ్మలు వారి వైపు కనిపించేలా పుస్తకం పట్టుకుని చెప్పాలి. ఒక కథ ఎనిమిది, పది నిమిషాలకు మించితే చిన్నపిల్లలు కదలడం మొదలుపెడతారు. అది అల్లరి కాదు, కథ పొడవు తగ్గించమని మీకు చెప్పడం. నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం వరుసలో తెలుగులో ఉన్న బొమ్మల పుస్తకాలు ఇందుకు బాగా పనికివస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటుంది. ఏ కథ చెప్పారో ఆ పుస్తకం కథ పూర్తయ్యేసరికి పిల్లల చేతికి అందాలి. గ్రంథాలయాధికారి కథ చెప్పి, పుస్తకాన్ని తిరిగి తాళం వేసిన బీరువాలో పెడితే ఆ సాయంత్రం వినోదంగా మిగులుతుంది, అంతే. వీలైతే అదే పుస్తకానికి రెండు మూడు ప్రతులు, అదే విషయం మీద మరో నాలుగు పుస్తకాలు బల్ల మీద పరచి ఉంచాలి. పిల్లల చేతుల్లో పుస్తకాలు చిరుగుతాయన్న భయం ఉద్యోగులకు ఉంటుంది. నష్టపోయిన పుస్తకానికి జవాబు చెప్పవలసింది వారే కాబట్టి ఆ భయాన్ని తప్పు పట్టలేం. జిల్లా స్థాయిలో పిల్లల పుస్తకాలకు ఏటా కొంత అరుగుదల ఉంటుందని అంగీకరించి, వాటిని పట్టిక నుంచి తీసివేసే విధానం సులభం చేస్తేనే ఈ సమస్య తీరుతుంది. చిరిగిన బొమ్మల పుస్తకం చాలామంది చదివిన పుస్తకం కావచ్చు.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు వింటూ కూర్చోవడానికి ఇష్టపడరు. తామే చేయాలంటారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు - రేడియో అన్నయ్య, అక్కయ్య - 1940లో స్థాపించిన ఆంధ్ర బాలానంద సంఘం పిల్లల చేతనే ఆటలు, పాటలు, నాటికలు చేయించింది. గ్రంథాలయంలో వేసవి శిబిరం పెట్టేటప్పుడు ఈ పద్ధతి గుర్తుంచుకోవాలి. చదివిన కథను చిన్న నాటికగా మార్చడం, ఊళ్లోని చెట్ల పేర్లు సేకరించి గోడపత్రిక తయారు చేయడం, తాత దగ్గర విన్న సామెతలు రాసి తేవడం - వీటికి వస్తువులు పెద్దగా అక్కర్లేదు. మన దగ్గర వేసవి శిబిరాలు చాలావరకు చేతిరాత, స్పోకెన్ ఇంగ్లీషు తరగతులుగా మారిపోతున్నాయి. తల్లిదండ్రులు కోరేది అదే అన్న సమాధానం నిజమే. అయినా బడిలో పది నెలలు జరిగినదే మళ్లీ జరిపితే, గ్రంథాలయం బడి కాని చోటు అన్న సంగతి పిల్లలకు ఎప్పుడు తెలుస్తుంది?

6.5 యువత: చోటు అడిగేవారు

ఏ పట్టణంలోనైనా గ్రంథాలయం ఇప్పుడు నిండుగా కనిపిస్తే అందుకు కారణం పోటీ పరీక్షల అభ్యర్థులు. హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. ఇక్కడికి వచ్చేవారిలో చాలామంది తమ పుస్తకాలు తామే తెచ్చుకుంటారు. వారికి కావలసింది బల్ల, దీపం, పంకా, నిశ్శబ్దం. వీరికి చోటివ్వడం గ్రంథాలయం పనే. ఇరుకు గదిలో నలుగురితో ఉండే అభ్యర్థికి ఇంకెక్కడ ఆ నిశ్శబ్దం దొరుకుతుంది? కాని కథ చెప్పే గంటకు, పత్రిక పఠనానికి చప్పుడు తప్పదు. రెండిటికీ ఒకే గది అయినప్పుడు గొడవ వస్తుంది, ప్రతిసారీ పిల్లలే బయటికి వెళ్లవలసి వస్తుంది. గోడల గది లేకపోయినా వరండానో, ఆవరణలో చెట్టు నీడనో, లేదా వారంలో రెండు పూటల సమయాన్నో కార్యక్రమాలకు కేటాయించి, ఆ వేళలు ముందుగా ప్రకటించడం మేలు.

యువతకు ఉద్దేశించిన కార్యక్రమాల్లో ఒక జాగ్రత్త అవసరం. నమూనా పరీక్ష, ఉద్యోగ మార్గదర్శనం వంటివి 'ఉచితంగా' నిర్వహించడానికి శిక్షణ సంస్థలు ముందుకు వస్తాయి. పరీక్ష పత్రంతో పాటు పేరు, ఫోను నంబరు రాయించుకుంటాయి. మర్నాటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఆరోగ్య శిబిరాల పేరుతో కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు చేసేది కూడా ఇదే. బయటి వారిని పిలవకూడదని దీని అర్థం కాదు. పాల్గొన్నవారి వివరాలు గ్రంథాలయం గడప దాటకూడదన్న షరతు ముందే పెట్టాలి, ప్రకటన బ్యానర్లు కట్టనివ్వకూడదు. ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు, కళాశాల అధ్యాపకులు, వ్యవసాయ విస్తరణాధికారి వంటివారు దొరికితే ఈ చిక్కు ఉండదు.

6.6 వినేవారు, అడిగేవారు, రాయించుకునేవారు

అనేక శాఖా గ్రంథాలయాలు ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరిచి, మధ్యాహ్నం మూసివేస్తాయి. ఉద్యోగులకు, విద్యార్థులకు ఈ వేళలు అనుకూలం. ఇంటిపనులు చేసే స్త్రీకి సరిగ్గా ఆ రెండు పూటలే తీరిక ఉండదు. వంట, పిల్లలను బడికి పంపడం ఉదయం, మళ్లీ వంట, పశువుల పని సాయంత్రం. ఆమెకు దొరికే మధ్యాహ్నం రెండు గంటలు గ్రంథాలయానికి తాళం. వారానికి ఒక్క మధ్యాహ్నం తెరిచి ఉంచగలిగితే, లేదా అంగన్‌వాడీ కేంద్రానికో స్వయం సహాయక బృందం సమావేశానికో పుస్తకాల సంచితో వెళ్లగలిగితే ఎంతో తేడా వస్తుంది. పత్రికలో వచ్చిన ఒక వంట శీర్షిక, ఒక ఆరోగ్య వ్యాసం, సీరియల్‌లో ఒక భాగం చదివి వినిపిస్తే చాలు. మిగిలిన గంట వాళ్లే మాట్లాడుకుంటారు, ఆ మాటల్లోంచే వచ్చే వారానికి ఏమి చదవాలో తెలుస్తుంది.

చోటు ఎంపికలో మరో సంగతి ఉంది. దీన్ని పాఠ్యగ్రంథాలు సాధారణంగా ప్రస్తావించవు. ఊరి గుడి మండపంలోనో, ఒక పెద్దమనిషి ఇంటి వసారాలోనో కార్యక్రమం పెడితే ఏర్పాట్లు సులువు. కాని ఊళ్లో అందరూ సంకోచం లేకుండా అక్కడ అడుగు పెట్టగలరా అని నిజాయితీగా ప్రశ్నించుకోవాలి. దళితవాడ నుంచి ఎవరూ రాలేదంటే వారికి ఆసక్తి లేదని నివేదికలో రాసేముందు, సభ ఎక్కడ పెట్టామో చూసుకోవాలి. బడి ఆవరణ, పంచాయతీ కార్యాలయం, గ్రంథాలయం సొంత వరండా - ఇవి మెరుగైనవి. ఒక వారం ఈ వాడలో, మరో వారం ఆ వాడలో జరపడం ఇంకా మెరుగు.

వృద్ధులకు పత్రికలు కావాలి, తోడూ కావాలి. ఉదయం గ్రంథాలయం తెరవగానే వచ్చేవారిలో వారే ఎక్కువ. చూపు తగ్గినవారి కోసం ఒక విద్యార్థి రోజూ ఇరవై నిమిషాలు ముఖ్యాంశాలు చదివితే అది వారిద్దరికీ ఉపయోగం. వృద్ధులను వినేవారిగా మాత్రమే చూడనక్కరలేదు. చేనేత మగ్గం గురించి, పాత నాటక సమాజాల గురించి, ఊరి చెరువు తవ్వకం గురించి చెప్పగలవారు వారే. వారి మాటలను వారి అనుమతితో ఫోనులో రికార్డు చేసి, తేదీ, పేరు, విషయం రాసి భద్రపరిస్తే గ్రంథాలయానికి స్థానిక చరిత్ర సేకరణ తయారవుతుంది. ఇంత విలువైన సేకరణ ఇంత తక్కువ ఖర్చుతో మరేదీ దొరకదని మా అభిప్రాయం.

చూపు లేనివారి విషయంలో చట్టం గ్రంథాలయానికి అనుకూలంగా ఉంది. 2012లో మన కాపీహక్కు చట్టాన్ని సవరించారు. వికలాంగులు వాడుకోగల రూపంలోకి పుస్తకాలను లాభాపేక్ష లేకుండా మార్చడానికి ఆ సవరణ వీలు కల్పించింది. ఇదే ఆశయంతో వచ్చిన మర్రాకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో మొట్టమొదట ధ్రువీకరించిన దేశం మనదే. కాబట్టి చూపు లేని పాఠకుల కోసం ఒక తెలుగు నవలను స్వచ్ఛంద సేవకులు చదివి రికార్డు చేయడానికి గ్రంథాలయం వెనుకాడనక్కర లేదు. ఆ రికార్డింగును అందరికీ పంచకుండా, ఉద్దేశించిన వారికే అందించాలి. కాపీహక్కు ఉన్న పుస్తకం నుంచి కొంత భాగాన్ని సభలో చదివి వినిపించడానికి కూడా చట్టంలో మినహాయింపు ఉంది. సినిమా ప్రదర్శన సంగతి వేరు, దానికి హక్కుదారుల అనుమతి చూసుకోవాలి.

ఇక రాయించుకునేవారు. పింఛను దరఖాస్తు, బ్యాంకు ఫారం, రేషను కార్డులో పేరు సవరణ - వీటికోసం జనం డబ్బిచ్చి బయట రాయించుకుంటున్నారు. వారానికి ఒక పూట 'దరఖాస్తుల సాయం' పెడితే, జీవితంలో ఎన్నడూ గ్రంథాలయం మెట్లెక్కని వ్యక్తి ఆ రోజు లోపలికి వస్తాడు. ఇది గ్రంథాలయం పనేనా అని కొందరు అడుగుతారు. సమాచారం కావలసిన వ్యక్తికి సమాచారం అందించడం అనుసంధాన సేవ అయినప్పుడు, ఆ సమాచారంతో ఒక కాగితం నింపడం దానికి కొనసాగింపే. ఆధార్ నంబరు, ఖాతా వివరాలు ఎక్కడా రాసి ఉంచుకోకూడదని సాయం చేసేవారికి ముందే చెప్పాలి.

6.7 వారోత్సవాలు, వారం వారం కార్యక్రమాలు

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. నవంబరు 14 నెహ్రూ జన్మదినం, బాలల దినోత్సవం అని అందరికీ తెలుసు. 1919లో అదే తేదీన మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగిందన్న సంగతి, అందులో అయ్యంకి పాత్ర గ్రంథాలయ శాస్త్ర విద్యార్థిగా మీరు గుర్తుంచుకోవాలి. వారోత్సవాల్లో పుస్తక ప్రదర్శన, వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గుల పోటీలు, మహిళా దినోత్సవం, కవి సమ్మేళనం, చివరి రోజు బహుమతి ప్రదానం ఉంటాయి. ఊరి దృష్టి గ్రంథాలయం మీద పడే వారం అది. దాని విలువను కాదనలేం.

అయితే ఆ ఏడు రోజుల్లో వచ్చిన పిల్లలు ఎనిమిదో రోజు ఎక్కడున్నారు? పోటీకి బడి నుంచి ఉపాధ్యాయులు వరుసగా తీసుకువస్తారు, మళ్లీ వరుసగా తీసుకువెళతారు. గెలిచిన ముగ్గురు బహుమతి తీసుకుంటారు, మిగిలినవారు ఓడిపోయిన చోటుగా గ్రంథాలయాన్ని గుర్తుంచుకుంటారు. ఇది కొంచెం కఠినంగా వినిపించవచ్చు. పోటీ అవసరమైన చోట ఉండాలి గాని, కార్యక్రమం అంటే పోటీయే అన్న అలవాటు మంచిది కాదు. పెద్ద వేదిక, శాలువాలు, దండలతో ఏడాదికి ఒకసారి జరిగే సభ కంటే, ప్రతి ఆదివారం ఉదయం పదింటికి పదిమందితో తప్పకుండా జరిగే కథా పఠనం ఎక్కువ పని చేస్తుంది. ఇక్కడ కీలకం 'తప్పకుండా' అన్నది. రెండు వారాలు వచ్చి తాళం చూసి వెనుదిరిగిన తల్లి మూడో వారం బిడ్డను తీసుకురాదు. ఒకే ఉద్యోగి ఉన్న శాఖలో ఆయనకు సెలవు కావలసి వస్తే కార్యక్రమం నడిపేందుకు ఇద్దరు స్వచ్ఛంద సేవకులను ముందే సిద్ధం చేసుకోవాలి. విశ్రాంత ఉపాధ్యాయులు, డిగ్రీ విద్యార్థులు ఇందుకు తగినవారు. మీలో కొందరు ఆ ఇద్దరిలో ఒకరు కావచ్చు.

6.8 ఫలితాన్ని చూడటం ఎలా?

జిల్లా కార్యాలయానికి వెళ్లే నివేదికలో సాధారణంగా ఉండేది హాజరు సంఖ్య, ఫొటో. హాజరును లెక్కించే పద్ధతిలోనే ఒక లోపం దాగి ఉంది. గుమ్మం దగ్గర రిజిస్టరు పెట్టి సంతకం చేయమంటే, చదువు రాని వ్యక్తి అక్కడే ఇబ్బంది పడతాడు. ఎవరి కోసం కార్యక్రమం పెట్టామో వారినే మొదటి అడుగులో సిగ్గుపడేలా చేశాం. తలలు లెక్కపెట్టి ఒక ఉద్యోగి అంకె రాసుకుంటే సరిపోతుంది.

రెండు శాఖలను ఊహించండి. మొదటి శాఖలో ఒక సభకు 200 మంది వచ్చారు, ఆ నెలలో కొత్త సభ్యులెవరూ చేరలేదు. రెండవ శాఖలో నాలుగు ఆదివారాలు వరుసగా 9, 12, 11, 14 మంది పిల్లలు వచ్చారు, వారిలో ఆరుగురు సభ్యులుగా చేరి పుస్తకాలు ఇంటికి తీసుకువెళ్లారు. కాగితం మీద మొదటి శాఖ ముందుంటుంది. మీరు పరిశీలకులైతే ఏ ప్రశ్నలు వేస్తారు? వచ్చినవారిలో మొదటిసారి గడప దాటినవారు ఎందరు, మళ్లీ వచ్చినవారు ఎందరు, ఆ విషయం మీద పుస్తకాల జారీ తరవాతి పదిహేను రోజుల్లో పెరిగిందా, ఏ వాడల నుంచి ఎవరూ రాలేదు - ఈ నాలుగు తెలిస్తే చాలావరకు బోధపడుతుంది. సభ్యత్వానికి కట్టవలసిన ధరావతు అడ్డంకి అయిందేమో కూడా చూడాలి. చిన్న మొత్తమే అయినా, ముగ్గురు పిల్లలున్న కూలి ఇంటికి అది ఒకేసారి బయటపెట్టవలసిన సొమ్ము. ఊళ్లో ఎవరైనా దాత ఆ మొత్తాన్ని కట్టడానికి ముందుకు వస్తే, శాలువాల ఖర్చు కంటే అది మంచి ఖర్చు.

అభ్యాసం

మీకు దగ్గరలో ఉన్న శాఖా గ్రంథాలయానికి ఒక ఉదయం, మరో రోజు సాయంత్రం వెళ్లి గంటసేపు చొప్పున కూర్చోండి. వచ్చినవారి పేర్లు అడగవద్దు. వయసు సుమారుగా, స్త్రీలు ఎందరు, పురుషులు ఎందరు, ఏమి చదువుతున్నారు అన్నవి మాత్రం రాసుకోండి. తరవాత ఆ ఊళ్లో ఉండి కూడా ఆ రెండు గంటల్లో మీకు కనిపించని వారి పట్టిక తయారు చేయండి. వారిలో ఒక్క వర్గాన్ని ఎంచుకుని, వారికోసం వారానికొకసారి జరపదగిన ఒక కార్యక్రమాన్ని రెండు పేజీల్లో ప్రతిపాదించండి. ఏ రోజు, ఏ వేళ, ఏ చోట అన్నది, ఆ వేళను ఎందుకు ఎంచుకున్నారన్నది, వచ్చేవారికి పడే ఖర్చు ఎంతన్నది, మీరు సెలవు పెట్టిన వారం దాన్ని ఎవరు నడుపుతారన్నది ప్రతిపాదనలో తప్పనిసరిగా ఉండాలి.